మూడోసారి వచ్చిన ప్రశ్న

కోదండపాణి మాస్టారిని ఎవరు ఏది అడిగినా వెంటనే జవాబు రాదు. ముందు తడిగుడ్డలో చుట్టిన తమలపాకు ఒకటి బయటికొస్తుంది. దాన్ని పంచె అంచుకు అటూ ఇటూ తుడుస్తారు. తొడిమ గిల్లుతారు. వెనక్కి తిప్పి ఈనెలు తీస్తారు. చూపుడువేలి కొసతో సున్నం రాస్తారు. ఈ తతంగమంతా ముగిసేలోగా అడగడానికి వచ్చినవాళ్ళలో సగంమందికి తమ ప్రశ్నకు తామే జవాబు తట్టి లేచి వెళ్ళిపోతారని బాపట్లలో ఒక మాట ఉంది. మిగిలిన సగంమందికి కూడా ఆయన జవాబు చెప్పరు. ఏదో ఒక ముచ్చట చెబుతారు.

ఆయన బళ్ళో పాఠం చెప్పింది నిజానికి ఒక్కరోజు కూడా లేదు. వ్యవసాయశాఖలో ఊరూరా తిరిగి తిరిగి రిటైరైన మనిషి. ఇంట్లో ఊరికే కూర్చోలేక, తెలిసినవాళ్ళ సాయంతో ఇంటర్నెట్‌లో ‘మొక్కల చావడి’ అని ఒకటి పెట్టారు. ఎవరైనా అక్కడికొచ్చి తమ మొక్క గురించి ప్రశ్న రాయవచ్చు. తెలిసినవాళ్ళెవరైనా జవాబు రాయవచ్చు. మంచి జవాబుకు చదివినవాళ్ళు ఓటేస్తారు, అది పైకొస్తుంది. అంతే సంగతి. ఆ చావడి పెట్టిన నాటినుంచీ ఆయన లోకానికంతటికీ మాస్టారైపోయారు.

ఇందుమతి ఆ చావడికి మొదట్లో వచ్చినవాళ్ళలో ఒకతె. కాలేజీలో లెక్కలు చెబుతుంది. పెరట్లో మల్లెపొద మొగ్గ తొడగడం లేదని అడగడానికి వచ్చింది. మల్లె పూయడం లేదన్న ప్రశ్న అప్పటికే చావడిలో నలుగురైదుగురు అడిగి ఉన్నారు. అయినా మాస్టారు, “ఏ గోడ పక్కన ఉందమ్మా?” అన్నారు. ఆమె చెప్పాక, “పొద్దుటెండ తగులుతుందా, సాయంత్రపుటెండా?” అన్నారు. అలా మాటల్లో మాటగా ఆ పొద పూసింది, ఇందుమతి ఆయనకు శిష్యురాలైంది.

ఆ రోజుల్లో చావడి అంటే నిజంగా చావడే. కొత్తవాళ్ళు గుమ్మంలో కాలుపెడితే “ఏ ఊరండీ మనది?” అని నలుగురూ పలకరించేవాళ్ళు. ఎవరో ఒకాయన ఎండిపోయిందనుకున్న కరివేపాకు మొక్క చిగురేసిందని రాస్తే, తమ ఇంట్లో పురుడొచ్చినంత సంబరపడేవాళ్ళు. ఒక ముసలాయన రోజూ పొద్దున్నే వచ్చి ప్రశ్నా లేదు జవాబూ లేదు, “అందరూ కులాసాయేనా?” అని రాసి వెళ్ళేవాడు. ఒకనాటితో రావడం మానేశాడు. ఎందుకు మానేశాడో అందరికీ తెలిసింది, ఎవరూ రాయలేదు. ఇందుమతి ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ పాత పేజీలు తీసి చదువుకుంటుంది. చదివినప్పుడల్లా, మళ్ళీ అలాంటి రోజులు రావనుకుంటుంది.

రావు మరి. చావడి పెరిగింది. మిద్దెల మీద కుండీలు పెట్టినవాళ్ళు, కౌలుకు మళ్ళు చేసేవాళ్ళు, పెళ్ళాం మీద కోపం మొక్కల మీద చూపించేవాళ్ళు, అందరూ వచ్చి పడ్డారు. అడిగినవాళ్ళు అడిగిందే అడుగుతుంటే కొత్త ప్రశ్నకు చోటెక్కడ? అందుకని కాపలాకు మనుషుల్ని పెట్టారు. అడిగిందే అడిగితే కాపలావాళ్ళు ఆ ప్రశ్నకు ‘మూత’ వేస్తారు. మూత పడ్డ ప్రశ్న కింద ఇక ఎవరూ జవాబు రాయలేరు. “దీనికి ఇదివరకే జవాబుంది” అన్న వాక్యం, ఆ పాత జవాబుకు దారీ కనిపిస్తాయి. అంతమాత్రాన ప్రశ్న చచ్చినట్టు కాదు. అడిగినవాళ్ళు ఆ ప్రశ్ననే దిద్ది, కొత్త సంగతేదైనా చేరిస్తే అది మళ్ళీ కాపలావాళ్ళ ముందుకొస్తుంది. తగినట్టుంటే మూత తీస్తారు. ఈ పద్ధతంతా ఒక పేజీలో శుభ్రంగా రాసిపెట్టారు కూడా. ఆ పేజీని ఇంతవరకు చదివింది దాన్ని రాసినవాళ్ళే. తక్కిన జనం ఏం చేస్తారయ్యా అంటే, మూత పడగానే అదే ప్రశ్నను కొత్తగా ఇంకోసారి పెడతారు. దానికీ మూత పడుతుంది. ఇంకోసారి పెడతారు. పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టుంటుంది.

కాపలావాళ్ళలో ఇందుమతిది అందరికంటే చురుకైన చెయ్యి. కాలేజీనుంచి వచ్చి, ఇంటిపని చూసుకుని, పైసా జీతం లేని ఈ చాకిరీకి కూర్చుంటుంది. ప్రేమతోనే చేస్తుంది, అందులో అనుమానం లేదు. పాత చావడి శుభ్రత పోకూడదని ఆమె తాపత్రయం. మూత పడ్డ ప్రశ్నను పట్టుబట్టి మళ్ళీ మళ్ళీ పెట్టేవాళ్ళను నెల్లాళ్ళపాటు లోపలికి రానివ్వకూడదన్న నియమం కూడా ఆమె చెబితేనే పెట్టారు.

ఆ ఆదివారం సాయంత్రం ఆమె మాస్టారింటికి వచ్చేసరికి ముఖం కందగడ్డలా ఉంది. మాస్టారు వీధి అరుగు మీద కూర్చుని ఆకుల కట్ట విప్పుతున్నారు.

“రా అమ్మాయ్, కూర్చో.”

“కూర్చోను మాస్టారూ. ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను” అంటూనే అరుగు మెట్టు మీద చెప్పులతోనే కూర్చుంది. కాళ్ళు వీధి వైపే ఉన్నాయి.

“అడుగు.”

“మూత వేసిన ప్రశ్నని మళ్ళీ మళ్ళీ తెచ్చి పెట్టేవాళ్ళని ఏం చెయ్యాలి?”

మాస్టారు ఆకు ఒకటి తీశారు.

ఇందుమతి ఆగలేకపోయింది. ఎవరో మాణిక్యమ్మట. “కనకాంబరం మొక్కలు వడలిపోతున్నాయి, ఏం చెయ్యాలి?” అని అడిగింది. చావడిలో ఆ ప్రశ్నకు మంచి జవాబే ఉంది. ఎండకు వడలితే కంగారుపడకుండా తడి చూసుకొమ్మని, కాస్త ఎరువు వెయ్యమని. బోలెడన్ని ఓట్లు పడ్డ జవాబది. దారి చూపించి మూత వేసింది. నాలుగురోజులు తిరక్కుండా ఆవిడే, అదే ప్రశ్న, అదే శీర్షిక. మళ్ళీ మూత వేసింది. ఇవాళ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఫోన్ తీస్తే మూడోసారి ప్రత్యక్షం. పైగా మొదటి మాటే “అమ్మా, మళ్ళీ నేనే” అట!

“ఎంత ధైర్యం చూడండి మాస్టారూ! మళ్ళీ నేనే అట. నేనేమన్నా ఆవిడకి అప్పున్నానా? నియమం ప్రకారం ఇప్పుడు ఆవిడని బయటికి పంపెయ్యాలి. వేలు ఆ మీట మీదే ఉంది. కానీ మీకో మాట చెప్పకుండా పంపడం ఎందుకని వచ్చాను. పంపెయ్యనా?”

ఈ చివరి మాట దగ్గర ఆమె గొంతు కొంచెం తగ్గింది. మనసులో ఏమూలో ఏదో నలుగుతుండబట్టే వచ్చిందని మాస్టారికి తెలిసే ఉంటుంది. ఆయన ఈనె తీయడం పూర్తిచేశారు. సున్నం రాశారు. ఆకు మడిచి నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుని, “నాంచారమ్మ సంగతి నీకెప్పుడైనా చెప్పానా?” అన్నారు.

“లేదు.”

ఆయన చెప్పిన ముచ్చట ఇది.

కోదండపాణి అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరిన రోజులవి. తమలపాకు తోటలున్న పల్లెల మధ్య ఒక ఊళ్ళో గురువారం సంత జరిగేది. పొగాకు కాడల ఘాటు, కొత్త బెల్లం వాసన, చేపల బుట్టల నీచు, పచ్చి తమలపాకు చల్లదనం అన్నీ కలిసి ముక్కుకు తగిలేవి. ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ తనకు ఇరవై రెండేళ్ళేనంటారు మాస్టారు. ఆ సంతలో ఒక వేపచెట్టు పక్కన వ్యవసాయశాఖవాళ్ళు పందిరి వేసేవాళ్ళు. లోపల బల్ల వెనక భుజంగరావుగారు కూర్చునేవారు. కోదండపాణికి ఆయన పై అధికారీ, గురువూ కూడా. పైరుకు జబ్బు చేస్తే ఆకో, కంకో, కాయో పట్టుకుని రైతులు వరసలో నిలబడేవాళ్ళు. ఆయన చూసి చెప్పేవారు.

పందిరి బయట ఒక నల్లబల్ల ఉండేది. పదిమందీ అడిగే ప్రశ్న ఏదైనా వస్తే దాని జవాబు ఆ బల్ల మీద రాసేవాళ్ళు. తర్వాత అదే అడగడానికొచ్చినవాళ్ళు వరసలో నిలబడక్కర్లేదు, బల్ల చూసుకుని పోవచ్చు. చదవడం రానివాళ్ళకు జవాను వీరాస్వామి చదివి వినిపించేవాడు. వీరాస్వామి మంచివాడు. అయ్యగారి గొంతు ఎండిపోతుందని, ఎండలో నిలబడ్డ జనం సొమ్మసిల్లుతారని వాడి బాధ. అందుకే వరస మొదట్లో నిలబడి, “ఏందీ? వరికా? బల్ల మీదుంది. మిరపకా? అదీ ఉంది. పదండి పదండి” అని ఈగలు తోలినట్టు తోలేవాడు. వాడి పుణ్యాన మధ్యాహ్నానికల్లా వరస కరిగిపోయేది.

ఒక గురువారం నాంచారమ్మ అనే ఆవిడ వచ్చింది. మొగుడు పోయి, ఉన్న ఒక్క చెక్క ఆకుతోటా తనే చేసుకుంటోంది. అవిసె చెట్లకు తీగలు ఎక్కించి, ఎక్కినకొద్దీ జమ్ముగడ్డితో కట్టి, బిడ్డల్లా చూసుకోవాలి ఆ తోటని. అది పోతే ఆవిడకు వేరే ఆధారం లేదు. “అయ్యా, ఆకు పండిపోతందయ్యా, ఏం చెయ్యమంటారు?” అంది వీరాస్వామితో. చేతిలో పసుపెక్కిన ఆకు ఒకటి. వీరాస్వామి బల్ల చూపించాడు. ఆకు పండిపోతుంటే ఎరువుగా తెలగపిండి వేసి తడి బాగా పెట్టాలని రాసి ఉంది. చదివి వినిపించాడు. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది.

మరుసటి గురువారం మళ్ళీ వచ్చింది. “అయ్యా, ఆకు పండిపోతందయ్యా.”

“నువ్వు పోయినవారం వచ్చావు కదా తల్లీ? చెప్పాం కదా?”

“చెప్పారయ్యా. ఆకు పండిపోతంది.”

“బల్ల చూసుకో” అని వీరాస్వామి వెనకున్నాయనను పిలిచాడు.

ఆ మరుసటి గురువారం కూడా వచ్చింది. వీరాస్వామి ఆవిణ్ణి దూరంనుంచే పోల్చుకున్నాడు. ఆవిడ నోరు తెరవకముందే, “మళ్ళీ నువ్వేనా?” అని కేకేశాడు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో “ఆకు పండిపోతందయ్యా” అని ఆవిడ గొంతుతో వెక్కిరించారు కూడా. నాంచారమ్మ వరసలోంచి తప్పుకుని, పోకుండా, వేపచెట్టు మొదట్లో కూర్చుంది.

ఆ పక్కనే పిచ్చయ్య అని ఒక పెద్దమనిషి కూర్చునేవాడు. ఆయనగారి గురించి కూడా చెప్పుకోవాలి. పిచ్చయ్యకు ఇంటి వెనక ఒకటే కొబ్బరిచెట్టు. పిందె రాలిపోతోందని ప్రతి గురువారమూ వచ్చేవాడు. భుజంగరావుగారు చెప్పేవారు. “చిత్తం” అని వెళ్ళి, చెప్పింది ఒక్కటీ చెయ్యకుండా, చెట్టుమీద చెయ్యయినా వెయ్యకుండా మళ్ళీ వచ్చేవాడు. వీరాస్వామి లెక్కలో నాంచారమ్మా పిచ్చయ్యా ఒకే బాపతు.

ఎండ ఎక్కాక భుజంగరావుగారు టీ తాగుదామని లేచి పందిరి బయటికొచ్చారు. కోదండపాణి ఆయన వెనకే ఉన్నాడు. చెట్టు కింద నాంచారమ్మ ఒళ్ళో గుడ్డ పరుచుకుని ఉంది. ఆవిడ ఆయన్ను పిలవలేదు. ఆయనే ఆగారు. ఆవిడ ముఖం వంక కాదు, ఒడి వంక చూశారు.

“ఏం తెచ్చావమ్మా?”

గుడ్డలో మూడున్నాయి. మొదటివారం తెచ్చిన ఆకు ఎండి గలగలలాడుతోంది. రెండోవారం తెచ్చిన తీగముక్క వాడి వేలాడుతోంది. ఇంకా మట్టి రాలుతున్న వేరొకటి ఉంది. ఆ ఉదయమే పెకలించింది. దాని మొదలు నల్లగా, మెత్తగా కుళ్ళి, పట్టుకుంటే బెరడు చేతికి ఊడొస్తోంది.

భుజంగరావుగారు టీ సంగతి మరిచిపోయారు. ఆవిణ్ణి పందిరిలోకి తీసుకెళ్ళి ఆ మూడింటినీ తను కూర్చునే బల్ల మీద పక్కపక్కన పెట్టించారు.

“నల్లబల్ల మీద రాసిందే చేశావా?”

“చేశానయ్యా. తెలగపిండి వేసి తడి పెట్టాను. ఎంత పెడితే అంత పండింది.”

అది ఆకు జబ్బు కాదు, వేరు కుళ్ళు. దానికి నీరు పెట్టడమంటే గోరుచుట్టు మీద రోకలిపోటే. బల్ల మీద రాసింది పదిమందికి మంచిదే, ఈవిడ తోటకు మాత్రం విషమైంది.

“మరి ఈ మాట చెప్పవేం తల్లీ?” అన్నాడు వీరాస్వామి, పాలిపోయిన ముఖంతో.

నాంచారమ్మ వాడి వంక కోపంగా కూడా చూడలేదు. “నాకు వచ్చిన మాట అదే కదయ్యా. ఇంకేమనాలో తెలవకే ఇయన్నీ తెచ్చాను” అంది.

భుజంగరావుగారు ఎండుటాకునూ తీగముక్కనూ బుట్టలో వేశారు. వేరును మాత్రం బల్ల మీదే ఉంచి, “దీంతో మొదలుపెడదాం. పద తోటకి” అన్నారు. వరసలో మిగిలినవాళ్ళను కూర్చోమని చెప్పి, ఆయనా కోదండపాణీ వీరాస్వామీ ఆవిడ వెంట నడిచారు.

ఆకుతోటకు ఒక ఆచారముంది. లోపలికి చెప్పులతో పోకూడదు. అది లక్ష్మి ఉన్న చోటని వాళ్ళ నమ్మకం. వీరాస్వామి కంగారులో గబగబా గట్టు దాటబోయాడు. మూడు వారాలపాటు తోలించుకున్న మనిషి, వెక్కిరించినా పల్లెత్తు మాట అనని మనిషి, అప్పుడు చెయ్యి అడ్డం పెట్టింది.

“చెప్పులు అక్కడ విప్పి రండయ్యా” అంది.

గట్టిగా అనలేదు. కానీ ఆ మాటకు ఎదురు లేదు. వీరాస్వామి చెప్పులు విప్పాడు. భుజంగరావుగారు అప్పటికే విప్పేశారు. తలలు వంచుకుని ముగ్గురూ తీగల మధ్యకు వెళ్ళారు. లోపల మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా, పచ్చటి వెలుగు. అరికాళ్ళకు తడి మట్టి తగిలింది. తడి అక్కడ ఎంత ఎక్కువగా ఉందో బల్ల దగ్గర కూర్చుంటే ఎవరికీ తెలిసేది కాదు, ఆ కాళ్ళకు తెలిసింది.

జబ్బు తగిలిన తీగలు వేళ్ళతో తీసి కాల్పించారు. నీళ్ళు పోయేందుకు కాలువ తీయించారు. మైలుతుత్తం, సున్నం కలిపిన మందు మిగిలిన తీగల మొదళ్ళలో పోయించారు. వీరాస్వామి ఎవరూ చెప్పకుండానే కడవతో మందు మోశాడు. తోటలో సగం దక్కింది. ముందే చూసి ఉంటే తక్కిన సగమూ దక్కేదని అందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువగా వీరాస్వామికి తెలుసు.

మరుసటి గురువారంనుంచి పందిరి దగ్గర పద్ధతి మారింది. నల్లబల్ల తీసెయ్యలేదు. అది లేకపోతే పొద్దు గడవదు. కానీ రెండోసారి వచ్చినవాళ్ళను వరసలో నిలబెట్టకుండా ముందు తన దగ్గరికి పంపమన్నారు భుజంగరావుగారు. అలా మొదట ఎవరు వచ్చారో చెప్పనక్కర్లేదు, పిచ్చయ్యే.

“ఏం పిచ్చయ్యా, చెప్పిన మందు వేశావా?”

“లేదండి.”

“కొత్తగా ఏమన్నా తెచ్చావా?”

“ఏం లేదండి. తమర్ని చూద్దామని.”

“చూశావుగా. వెళ్ళి బల్ల చూడు. తర్వాత టీ తాగి పో.”

పిచ్చయ్య ఏమీ అనుకోలేదు. ఆ తర్వాత కూడా వచ్చేవాడు. బల్ల చూసేవాడు, టీ తాగేవాడు, పోయేవాడు. ఆ కొబ్బరిచెట్టు మాత్రం పిందె రాలుస్తూనే ఉంది.

నాంచారమ్మ కూడా ప్రతి సంతకూ వచ్చేది. ప్రశ్న ఏమీ లేదు. ఆకుల కట్ట ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళేది. భుజంగరావుగారికి ఆకు వేసుకునే అలవాటు లేదు. ఆవిడ ఇచ్చింది వద్దనలేక కోదండపాణి వైపు జరిపేవారు. ఆ అలవాటు కోదండపాణికి అప్పుడే అంటుకుంది.

మాస్టారు ఇక్కడ ఆపారు. చేతిలో మడిచి పట్టుకున్న ఆకు వంక కాసేపు చూశారు. ఆ సంత ఇప్పుడు లేదు, ఆ చోట ఏవో దుకాణాలొచ్చాయి. భుజంగరావుగారు పోయి చాలాకాలమైంది. ఎవరికీ చెప్పి ప్రయోజనం లేని సంగతుల్లా ఉంటాయివి, అయినా చెప్పకుండా ఉండలేం. ఆయన ఆకును నోట్లో పెట్టుకున్నారు.

ఇందుమతి ఫోన్ తీసింది. మాణిక్యమ్మ మూడో ప్రశ్న తెరిచింది. మధ్యాహ్నం ఆమె చదివింది శీర్షిక, దాని కింద “అమ్మా, మళ్ళీ నేనే” అన్న మొదటి మాట. అంతే. అక్కడే ఒళ్ళు మండి ఆగిపోయింది. ఇప్పుడు ఆ మాట దాటి కిందికి దిగింది.

“అమ్మా, మళ్ళీ నేనే. కోపం తెచ్చుకోకండి. మీరు చూపించిన జవాబు చదివించుకున్నాను. నాకు ఇందులో రాయడం మా చెల్లెలి కూతురు నేర్పింది. మీరు చెప్పినట్టే తడి చూశాను, ఎరువు వేశాను. పోయినసారి ఆ సంగతే రాశాను, మూసేశారు. సాయంత్రానికి కూడా తేరుకోవడం లేదు. పక్క వరసకు కూడా వచ్చింది. ఈ మడి కౌలుది. పూలు కోస్తేనే మాకు గడిచేది. ఒక మొక్క పీకి ఫొటో పెట్టాను, చూడండమ్మా.”

అడుగున ఫొటో ఉంది. అరచేతిలో ఒక కనకాంబరం మొక్క, వేళ్ళు పైకి. వేళ్ళ నిండా చిన్న చిన్న బుడిపెలు, దారానికి గుచ్చిన పూసల్లా. ఇందుమతికి అది చూడగానే తెలిసింది. వేళ్ళలో కంటికి కనపడని నులిపురుగులు చేరితే అలా బుడిపెలు కడతాయి. దానికి ఎంత తడి పెట్టినా మొక్క తాగలేదు. చావడిలో ఆ సంగతి తెలిసినవాళ్ళు కనీసం పదిమంది ఉన్నారు. తను మూత వెయ్యకపోతే ఎవరో ఒకరు మొదటిరోజే, “వేరు తీసి చూశావా అమ్మా?” అని అడిగి ఉండేవాళ్ళు.

ఆమె రెండో ప్రశ్న కూడా తెరిచింది. అందులోనూ ఉంది, నిజంగానే. “చెప్పినట్టు చేశాను, తగ్గలేదు” అని ఒక్క వాక్యం. మూతకింద అలాగే ఉంది.

ఇందుమతి కళ్ళు తుడుచుకుంది. మాస్టారు వీధిలోకి చూస్తూ ఆకు నములుతున్నారు. ఆమె అరుగు మీదికి జరిగి, గోడకు ఆనుకుని, కాళ్ళు మడిచి కూర్చుని పని మొదలుపెట్టింది. మూడో ప్రశ్నను తెరిచే ఉంచింది. మొదటి రెంటికీ ఉన్న పాత దారి తీసేసి, అవి చూసినవాళ్ళు ఈ మూడోదానికి వచ్చేలా మార్చింది. శీర్షికకు “వేళ్ళకు బుడిపెలు” అన్న మాట తనే చేర్చింది. తర్వాత జవాబు రాసింది. జబ్బు చేసిన మొక్కలు వేళ్ళతో సహా తీసేసి కాల్చమంది. మట్టిలో వేపపిండి కలపమంది. వరసల మధ్య బంతి నాటమంది. పక్క మడిలో కొత్త మొక్కలు పెట్టేముందు ఆ మట్టిని తెలిసినవాళ్ళకు చూపించమంది. అంతా రాశాక, పైన ఏమని మొదలుపెట్టాలో తోచక ఆగింది. పాత పేజీలు గుర్తొచ్చాయి.

“ఏ ఊరమ్మా మీది?” అని మొదలుపెట్టింది.

జవాబు పంపిన కాసేపటికే ఫోన్ మోగింది. మాణిక్యమ్మ తన ఊరిపేరు రాసింది. దాని కింద, “మూడు వరసలు పోయాయమ్మా, నాలుగు ఉన్నాయి. రేపే వేపపిండి తెస్తాను” అని రాసింది. ఇందుమతి ఆ మాట రెండుసార్లు చదివింది. పోయిన ఆ మూడు వరసలు ఎప్పుడు పోయాయో ఆమెకు తెలుసు.

“మాస్టారూ, నాలుగు వరసలు దక్కేటట్టున్నాయి” అంది.

“మంచిది.”

“మరి ఆ నియమం? పట్టుబట్టి మళ్ళీ పెట్టేవాళ్ళని పంపేసేది? తీసేద్దామా?”

“ఎందుకు తియ్యడం? పిచ్చయ్యలు ఊరికొకరుంటారు.”

“ఎవరు పిచ్చయ్యో, ఎవరు నాంచారమ్మో బయటినుంచి ఎలా తెలుస్తుంది?”

మాస్టారు ఆ ప్రశ్నకు ఇంకో ఆకు తీయబోయి, మానేశారు. వంగి, మెట్టు కింద ఒకటి అటూ ఒకటి ఇటూ పడి ఉన్న చెప్పుల్ని చూశారు. తర్వాత అరుగు మీద మడిచి పెట్టుకున్న ఆమె పాదాలను చూశారు.

“అవెప్పుడు విప్పావమ్మాయ్?” అన్నారు.